మొదటి మాటకే ఒప్పుకునే మనిషి

మా వంశంలో మూడు తరాల వాళ్లు గిన్నెలమ్మారు. వాళ్లలో ఎవ్వరూ చెయ్యని బేరం నేను చేశాను. విదేశంలో ఏడాదిపాటు దౌత్యం చదువుకునే అవకాశాన్ని వదులుకుని, అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ క్లాసులో మూడో వరస కుర్చీ తీసుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అవతలి మనిషి అవకాశాన్ని నన్నే ఉంచుకోమన్నాడు కూడా. నేనే పట్టుబట్టి, వాదించి, అతన్ని ఒప్పించి మరీ నష్టపోయాను. బోరబండలో మా దుకాణమున్న వీధి మొత్తం వెతికినా ఇంతటి బేరగాడు దొరకడు.

ఆ అవతలి మనిషి పోయిన నెల చనిపోయాడు. ఎమ్మేలో మా ఇద్దరికీ పాఠాలు చెప్పిన మేడమ్ ఫోన్ చేసి చెప్పారు. ఆమె రిటైరై కొత్తగూడలో ఉంటున్నారు. అతని జ్ఞాపకార్థం చిన్న పుస్తకమొకటి వేస్తున్నామని, నాలుగు పేజీలు రాసిమ్మని అడిగారు. మీరిద్దరూ ఎప్పుడూ కలిసే తిరిగేవాళ్లు కదా అన్నారు. తిరిగిన మాట నిజమే. నీడ కూడా మనిషితో కలిసే తిరుగుతుంది. దానికి ఆ మనిషంటే ఇష్టమో కాదో ఎవరూ అడగరు.

అతను చేసిన ఉద్యోగాలు, తిరిగిన దేశాలు, అందుకున్న గౌరవాలు మిగతావాళ్లు రాస్తారు. నాకు అవి సరిగ్గా తెలియవు. తెలియకుండా జాగ్రత్తపడ్డాను. నాకు తెలిసిన మనిషికి ఇరవై రెండేళ్లు. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. ఎండాకాలంలో కూడా చొక్కా మెడ గుండీ పెట్టుకునేవాడు. జేబులో రెండు పెన్నులుండేవి. ఒకటి రాసుకోవడానికి, రెండోది ఎవరైనా అడిగితే ఇవ్వడానికి. ఆ రెండోది ఎప్పుడూ మొదటిదానికంటే మంచిదై ఉండేది. నేను రెండేళ్లూ దానితోనే పరీక్షలు రాశాను. కృతజ్ఞతకు బదులు, వీడికి ఇంకా మంచి పెన్ను ఇంట్లో ఉండి ఉంటుందనే అనుమానం నాకుండేది.

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, అప్పుడు నోరు తెరిచేవాడు. వాళ్లది గోదావరి వైపు. తండ్రి ఏదో ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, బదిలీ మీద వచ్చి మదీనాగూడలో కిరాయికుండేవారు. తోటి విద్యార్థులను కూడా మీరు, అండి అనేవాడు. మొదట్లో నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. మా ఇళ్లలో అండి అంటే అప్పు అడగబోతున్నట్టు లెక్క.

అతని ఊతపదం "అదీ నిజమేనండి." క్లాసులో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటుంటే, ఒకడు చెప్పింది విని అదీ నిజమేనండి అనేవాడు. రెండోవాడు చెప్పింది విని మళ్లీ అదే మాట. దీన్ని నేను చేతకానితనమనుకునేవాణ్ని. తర్వాత ఒకరోజు బస్సులో చూశాను. జామకాయల గంపతో ఎక్కిన ఒకామెకూ, టై కట్టుకుని కొత్త ఉద్యోగానికి వెళ్తున్న ఒక కుర్రాడికీ సీటు దగ్గర తగువైంది. గంప తగిలి ప్యాంటు పాడైందని అతను, సీటు ముందు నేను చూసుకున్నానని ఆమె. బస్సంతా రెండు పక్షాలైంది. నేను జామకాయల పక్షం. మావాడు మధ్యలో వంగి, మీరెక్కడ దిగుతారండి అని ముందు ఆమెనడిగాడు, తర్వాత అతన్నడిగాడు. టై కట్టుకున్నతను రెండు స్టాపుల్లో దిగాలి. ఆమె చివరిదాకా పోవాలి. అంతే. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆమె ఆ గంప పక్కకు లాక్కుని, కూసో బిడ్డా ఈ జరసేపటికేంది అంది. అతను కూర్చోలేదు, ఆమెనే కూర్చోబెట్టాడు. నేను ఆ పక్కనే అరగంట వాదించాను. దిగే స్టాపు అడగాలని నాకు తట్టలేదు. ఆ రోజు నుంచి అతనంటే నాకు పడలేదు.

మా దుకాణానికి అతను ఒక్కసారే వచ్చాడు. మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ కావాలన్నాడు. మా నాయన అలవాటు ప్రకారం ఎక్కువ చెప్పాడు. అందరికీ అలాగే చెబుతాడు. కొనేవాళ్లు సగమడుగుతారు, మధ్యలో ఎక్కడో తెగుతుంది. పోయేటప్పుడు మా నాయన గట్టిగా, పక్క దుకాణం వాళ్లకు కూడా వినబడేలా, "నువ్వే గెల్చినవమ్మా, నేను ఓడిన" అంటాడు. ఆ మాట కోసమే సగం మంది వచ్చేవాళ్లు. మావాడు మాత్రం చెప్పిన ధర విని జేబులో చెయ్యి పెట్టాడు. మా నాయన మొహం వాడిపోయింది.

"జర ఆగు బిడ్డా," అని క్యారియర్ వెనక్కి లాక్కున్నాడు. గిన్నె గిన్నెలో నీళ్లు పోసి కారుతుందేమో చూశాడు. పట్టీ బిగించి, విప్పి చూశాడు. తనే ధర తగ్గించాడు. అయినా మనసు కుదుటపడక, అతన్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, గిట్ల అడిగినంత ఇచ్చి పోతే నాకు పరేషాన్ అయితది అని చెప్పుకున్నాడు. అతను గంటసేపు కూర్చున్నాడు. వచ్చిపోయే బేరాలన్నీ చూస్తూ, మా నాయనను ఏవేవో అడిగాడు. పోయేవాళ్లతో ఓడినానని ఎందుకంటారండి అని కూడా అడిగాడు. "ఆమె ఇంటికి పోయి చెప్పుకోను ఒక మాట ఉండాలె కద," అన్నాడు మా నాయన. నేను పుట్టినప్పటి నుంచి ఆ దుకాణంలో ఉన్నాను. ఆ ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు. మా నాయన నాతో అంతసేపు ఎన్నడూ మాట్లాడలేదు కూడా.

అతను వెళ్లాక మా నాయన ఒక తీర్పు చెప్పాడు. "వాడు మంచోడన్నా అయ్యుండాలె, లేకుంటే మనకంటే పెద్ద వ్యాపారన్నా అయ్యుండాలె." నేను రెండోదే నిజమనుకున్నాను.

మా ఎమ్మే రెండో ఏడాదిలో వ్యాసరచన పోటీ వచ్చింది. ఒక విదేశీ సంస్థ పెట్టింది. దౌత్యం ఆచరణలో ఎలా ఉంటుందనేది విషయం. గెలిచినవాళ్లకు ఏడాది పాటు అక్కడ చదువు, ఉండటానికి చోటు, అన్నీ వాళ్లవే. మా డిపార్ట్‌మెంటు నుంచి ఒక్క వ్యాసమే పంపాలి. రాసింది మేమిద్దరమే. మేడమ్ మా ఇద్దరినీ పిలిచి, ఒకరిది ఒకరికి ఇచ్చి చదవమన్నారు. ఎవరిది పంపాలో శుక్రవారం లోపల మీరే తేల్చుకు రండి, ఆ మాత్రం చేసుకోలేనివాళ్లు దౌత్యం మీద ఏం రాస్తారు అన్నారు.

నాకు అది ఎంత కావాలో చెప్పాలి. దుకాణం నుంచి బయటపడే దారి నాకు అదొక్కటే కనబడింది. గిన్నెల మోత వినబడని చోట ఒక్క ఏడాది గడిపితే చాలనుకున్నాను. అందుకే నా వ్యాసంలో దుకాణం వాసన రాకుండా జాగ్రత్తపడ్డాను. లైబ్రరీలో ఉన్న ఒప్పందాలన్నీ దించాను. ప్రతి పేజీ కిందా అధఃసూచికలు. మా గల్లీలో పెళ్లివాళ్లు నలుగురూ చూడాలని వరసగా పేర్చిపెట్టిన సామాను లాంటి వ్యాసం.

అతనిది ఆరు పేజీలు. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. రెండు పక్షాలకూ ఇంటికెళ్లి చెప్పుకోగల మాటొకటి చేతికిచ్చి పంపడమే దౌత్యం, ఈ సంగతి నాకు ఒక గిన్నెల దుకాణం యజమాని చెప్పాడు అని ఉంది. ఆ మాట నాది. మా ఇంటిది. రోజూ వింటూ పెరిగాను, చెత్త కింద జమకట్టి పారేశాను. వాడు ఒక గంట కూర్చుని, ఒక చాయ్ తాగి ఎత్తుకుపోయాడు. దొంగతనమందామంటే ఎవరిదో కూడా రాసి పెట్టాడు. అతనిది నా వ్యాసం కంటే మంచిదని నాకు అక్కడే తెలిసింది. ఇది మేడమ్‌కు కూడా ఇంతవరకు చెప్పలేదు.

గురువారం సాయంత్రం ఇద్దరం బస్సులో వస్తున్నాం. కొత్తగూడ దాకా ఒకటే బస్సు, అక్కడ అతను మదీనాగూడ వైపు, నేను బోరబండ వైపు మారాలి. ఆ రోజుల్లో అటంతా బండలు పగలగొట్టేవాళ్లు. ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఈల వేస్తూ రోడ్డుకు అడ్డంగా నిలబడితే, బస్సులు లారీలు అన్నీ ఆగిపోవాలి. మందు పేలేదాకా కదలకూడదు. ఆ రోజు కూడా ఆగాం. డ్రైవరు ఇంజను ఆపేశాడు. బేరానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు, అవతలివాడు దిగిపోలేడు.

నేను మూడు మెట్లు సిద్ధం చేసుకున్నాను. ముందు నాదే పంపాలంటాను. అతను కాదంటాడు. అప్పుడు అతని పరిశోధనకు కావలసిన కాగితాలన్నీ టైపు చేయించి పెడతానంటాను. దానికీ లొంగకపోతే వచ్చే ఏడాది పోటీ అతనికే వదిలేస్తానంటాను. మెల్లగా మొదలుపెట్టాను.

"భాయ్, వ్యాసం సంగతి తేల్చుకుందాం. నాదే పంపుదామనుకుంటున్న. నువ్వేమంటవ్?"

అతను కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

"పంపండి. మీదే వెళ్లాలండి."

నా మూడు మెట్లూ నా చేతిలోనే ఉండిపోయాయి. బేరంలో పుట్టినవాడికి ఇంతకంటే భయంకరమైన మాట లేదు. చెప్పిన మొదటి మాటకే అవతలివాడు సరేనన్నాడంటే, నువ్వు తక్కువ అడిగావన్నా అయి ఉండాలి, సరుకులో లోపం వాడికి తెలిసి నీకు తెలియదన్నా అయి ఉండాలి. మంచి సరుకు చేతిలో ఉన్నవాడు ఊరికే ఎందుకు వదులుకుంటాడు?

"ఊకెనే ఇస్తవా? నీకేం కావాలె చెప్పు."

"నాకేం వద్దండి."

నాకేం వద్దు అనేది మా ఇంట్లో తిట్టు కంటే చెడ్డ మాట. కిటికీలోంచి బయటికి చూశాను. దూరంగా, నిన్నమొన్నటిదాకా తుమ్మచెట్లున్న చోట, కంప్యూటర్ కంపెనీల కోసం గుండ్రటి పెద్ద భవనం అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాళ్లను కంపెనీలు వెతికి తీసుకెళ్తున్నాయని ఊరంతా ఒకటే మాట. అమీర్‌పేటలో అది నేర్పే క్లాసులో సీటు కోసం నేను రెండుసార్లు తిరిగి ఖాళీ చేతులతో వచ్చాను. మావాడికి మాత్రం సీటుంది. వాళ్ల మేనమామ అక్కడే పాఠాలు చెప్పేవాడు. అప్పుడు నాకు అంతా తేటతెల్లమైంది. నన్ను దేశం దాటించి, వాడు ఆ భవనంలో కూర్చుంటాడు. ఏడాది తర్వాత నేను కాగితాలు పట్టుకుని తిరిగొచ్చేసరికి కుర్చీలన్నీ నిండిపోయి ఉంటాయి.

"వద్దు భాయ్. వ్యాసం నీదే పంపు. నీ కంప్యూటర్ సీటు నాకు ఇప్పియ్యి, చాలు."

అతను మళ్లీ కళ్లజోడు తీశాడు. "అది మా నాన్నగారు పట్టుబట్టి రాయించిన సీటండి. దానికీ దీనికీ సంబంధం ఏముంది? కావాలంటే రెండూ మీరే తీసుకోండి."

రెండూ ఇస్తాననేవాణ్ని ఎవరు నమ్ముతారు? నా గుండె ఇంకా గట్టిపడింది.

"రెండొద్దు. సీటు నాకు, వ్యాసం నీకు. ఔనంటవా, కాదంటవా?"

"మీకు నిజంగా అదే కావాలాండి?"

"అదే కావాలె."

మందు పేలింది. బస్సు అద్దాలు వణికాయి. ముందు సీట్లో నిద్రపోతున్నాయన ఉలిక్కిపడి లేచి, వచ్చేసిందా కొత్తగూడ అనడిగాడు. ఎర్రజెండా పక్కకు తప్పుకుంది. డ్రైవరు ఇంజను మొదలుపెట్టాక మావాడు సరేనండి అన్నాడు.

ఇంటికొచ్చి మా నాయనకు అంతా చెప్పాను. పొగుడుతాడనుకున్నాను. ఆయన స్టవ్ మీద పెట్టే గిన్నె ఒకటి తుడుస్తూ విన్నాడు.

"వాడు నిన్నేమడిగిండు?"

"ఏం అడగలే."

"ఏం అడగనోనితోని బేరమెందుకు చేసినవ్‌రా?"

ఆ ఎండాకాలం ఫలితం వచ్చింది. అతను గెలిచాడు, వెళ్లాడు. నేను కోబాల్ నేర్చుకుని ఆ గుండ్రటి భవనంలోనే ఉద్యోగంలో చేరాను. రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా దిద్దే పని. రెండువేల సంవత్సరం వచ్చింది. ఎక్కడా ఏమీ కాలేదు. దిద్దేది ఏమీ లేకపోయేసరికి మమ్మల్ని ఉంచుకోవాల్సిన పనీ లేకపోయింది. తర్వాత ఇంకో కంపెనీలో కుర్చీలు, క్యాంటీను, ఉద్యోగుల బస్సులు, వీటికి ధరలు మాట్లాడే పనిలో చేరాను. మెడలో కార్డు వేసుకుని మా నాయన చేసిన పనే చేశాను, "నువ్వే గెల్చినవ్" అనకుండా.

అతను అక్కడి నుంచి బొమ్మల కార్డులు రాసేవాడు. నేను జవాబివ్వలేదు. మా నాయన మాత్రం వాటిని గల్లాపెట్టె వెనక గోడకు అంటించి, వచ్చినవాళ్లకు చూపించేవాడు. నా డిగ్రీ పట్టా ఎక్కడుందో ఆయనకు తెలియదు.

కొన్నేళ్ల తర్వాత అతను ఏదో సమావేశానికి హైదరాబాదు వచ్చి, ఫోన్ చేసి, కొత్తగూడ చౌరస్తాలో నన్ను కలిశాడు. జుట్టు కాస్త పలచబడింది. మెడ గుండీ అలాగే ఉంది. మా నాయన గురించి అడిగాడు. నా ఉద్యోగం గురించి నేను చెప్పినంతా విని అదీ నిజమేనండి అన్నాడు, నేను ఏమీ వాదించకపోయినా. చాయ్ సగమయ్యాక ఇక ఉండబట్టలేదు.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఆ రోజు బస్సుల నీకేం తెల్సు? దాంట్ల ఏం లోపముండె?"

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"లోపమేం లేదండి. నా వ్యాసంలో పనికొచ్చే మాట ఒక్కటే, అది మీ నాన్నగారిది. నేను ఊరికే తీసేసుకున్నాను. అందుకని మీరు వెళ్తేనే న్యాయం అనిపించింది."

"మరి నేను వద్దంటె ఎందుకు ఊకున్నవ్?"

"మీరు వద్దన్నారు కదండి."

అతని మొహంలో నవ్వు కోసం వెతికాను. లేదు. అంత బాగా అబద్ధం చెప్పడం ఆ దేశంలో నేర్పించి ఉంటారనుకున్నాను. చాయ్ డబ్బులు పట్టుబట్టి నేనే ఇచ్చాను, అతనికి రుణపడకూడదని. అతను ఒక్కసారి కూడా వద్దనలేదు. సరేనండి అన్నాడు. అదే ఆఖరిసారి.

పోయిన నెల ఫోన్‌లో మేడమ్ ఏదో గుర్తొచ్చి చెబుతున్నట్టు చెప్పారు. ఆ గురువారం మధ్యాహ్నం, బస్సు ఎక్కడానికి ముందే, అతను ఆమె గదికి వెళ్లాడట. తన వ్యాసం వెనక్కి ఇచ్చెయ్యమని, నాది పంపమని అడిగాడట. తన వ్యాసంలో ఉన్న మంచి వాక్యం మా నాయనదని చెప్పాడట. ఆ మాటేదో వెళ్లి నాకే చెప్పమని ఆమె పంపేశారు. "మర్నాడు పొద్దున వచ్చి, అతనికి వద్దటండి, రెండుసార్లు అడిగాను, నిజంగానే వద్దట అన్నాడు," అన్నారు మేడమ్. "నాకు ఇప్పటికీ అర్థం కాదు. అంత కష్టపడి రాశావు, నీకెందుకు వద్దనిపించింది?"

ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇక్కడ మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. నాది పంపి ఉంటే గెలిచేది కాదు. కాబట్టి నేను పోగొట్టుకున్నానని ఇన్నేళ్లూ చెప్పుకున్న ఆ దేశం, ఆ ఏడాది, నాకు ఎప్పుడూ దక్కేవి కావు. అతను గెలిచింది అతని రాతతో, మా నాయన ఇష్టంగా ఇచ్చిన మాటతో. దాని వెల కూడా నా చేతిలో పెట్టబోయాడు, నేనే తోసేశాను. నన్ను మోసం చేశాడని ఇంతకాలం అతని పేరు మీద రాసుకున్నది మొత్తం తప్పు, అది నా పేరు మీదికి మార్చుకోవాలి. ఒక మనిషి నేనన్న మాటను అన్నట్టుగా నమ్మాడు, నేను అతను చెప్పింది చనిపోయాక గానీ నమ్మలేదు. ఇక అసూయ. మనిషి పోయాక అది తగ్గాలంటారు. తగ్గలేదు. మేడమ్ పుస్తకం కోసం కొంత తగ్గించి రాద్దామనుకున్నాను గానీ, ఎంత ఉందో అంతే రాస్తున్నాను.